రికార్డుకెక్కిన తెలుగు మాట

నాకు కోపం ఎక్కువ. ఇంట్లోవాళ్ళూ అంటారు, ఆఫీసులోవాళ్ళూ అంటారు, నేనూ కాదనను. లీడ్స్‌లో ఒక ఎంపీ దగ్గర పనిచేస్తాను. నియోజకవర్గం జనం కష్టాలు విని, సంబంధించిన ఆఫీసు వెంటపడి, పని అయ్యేదాకా వాళ్ళ ప్రాణాలు తోడెయ్యడం నా ఉద్యోగం. కోపం లేనివాళ్ళు ఈ పని చెయ్యలేరు.

మా ఎంపీ యాభై దాటిన ఆడమనిషి, ఇక్కడి యార్క్‌షైర్ ప్రాంతంలోనే పుట్టి పెరిగింది. గొంతు పెద్దది. చర్చల్లో, కమిటీల్లో ఆవిడ మాట్లాడిందంతా పార్లమెంటు వెబ్‌సైటులో ఉంటుంది. బస్సులు రావట్లేదని, జీపీ డాక్టర్ల అపాయింట్‌మెంట్లు దొరకట్లేదని, కౌన్సిల్‌వాళ్ళు పేదలకిచ్చే ఫ్లాట్ల గోడలకు బూజు పడుతోందని. మంత్రి మాట దాటేస్తే మళ్ళీ లేచి అదే ప్రశ్న అడుగుతుంది. ఆవిడ లేస్తే చాలు, ఎదుటి బెంచీలవాళ్ళు నిట్టూరుస్తారు. నాకు ఆవిడంటే అందుకే ఇష్టం.

శుక్రవారం మాకు సర్జరీ. ఈ దేశంలో డాక్టరు క్లినిక్‌నూ సర్జరీ అంటారు, ఎంపీ జనాన్ని కలిసే పూటనూ సర్జరీ అనే అంటారు. మాది లైబ్రరీ వెనక గదిలో. ఒక శుక్రవారం ఒంగోలు వైపు అమ్మాయి ఒకతె పాపను ఎత్తుకుని వచ్చింది. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఈమె అతని వీసా మీద వచ్చింది. నేను తెలుగులో పలకరించగానే భోరున ఏడ్చింది.

"సర్జరీకి వెళ్తున్నానని చెప్పొచ్చానక్కా. మావారు డాక్టరు దగ్గరికనుకున్నారు. నేను అబద్ధమైతే చెప్పలేదుగా?"

"చెప్పినా ఏం మునిగిపోదులే. ఏం జరిగిందమ్మా?"

"ఆయన చెయ్యి చేసుకుంటున్నారక్కా."

అని మెడకు చుట్టుకున్న స్కార్ఫ్ తీసింది. దవడ ఒక పక్క ఉబ్బిపోయి నల్లబడింది. చెవిలోంచి ఇంకా రసి కారుతోంది. ముంజేతి మీద ఇస్త్రీపెట్టె మొన దిగిన గుర్తు, మాంసం రంగులో. నడినెత్తిన జుట్టు ఊడిన చోట చర్మం కనబడుతోంది. పాప చూస్తుండగానే జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళి తలను సింకుకేసి కొట్టాడట. ఇంత చేసినవాడిని ఆ పిల్ల ఇంకా "ఆయన", "వారు" అంటోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పక్కింటి ఇంగ్లీషావిడ అరుపులు విని ఒకసారి పోలీసులకు ఫోన్ చేసిందట. వాళ్ళు వచ్చారు, ఫోన్లో తెలుగు ఇంటర్‌ప్రెటర్ని కలిపారు. "వారు చెయ్యి చేసుకున్నారు" అని ఈ పిల్ల అంటే, ఆ మహానుభావుడు దాన్ని మాటకు మాట దించి, "భర్త తన చేతిని వాడుకున్నాడంటోంది" అన్నాడట. దేనికి వాడుకున్నాడు అని పోలీసు అడిగాడు. ఈమె సిగ్గుతో తల దించుకుంది. భర్త మంచి ఇంగ్లీషులో, మా ఆవిడ ఇంటి మీద బెంగ పెట్టుకుందన్నాడు. పోలీసులు గుడ్ ఈవినింగ్ చెప్పి వెళ్ళిపోయారు. కారు వీధి మలుపు తిరిగిందో లేదో, వీడు తలుపు గడియ పెట్టి ఆమె చెవి మీద కొట్టాడు. కర్ణభేరి పగిలింది అప్పుడే.

ఇదంతా నేను ఇంగ్లీషులో చెప్తుంటే మా ఎంపీ మొహం కందగడ్డలా అయింది. "ఆ మాటకు అసలు అర్థమేమిటి?" అంది.

"కొట్టాడనే. కాకపోతే కొట్టినవాడి పరువు పోకుండా చెప్పేమాట."

"దెబ్బలు ఆమెకు, మర్యాద వాడికా? ఇదేం భాష?"

నాకు ఒళ్ళు మండింది. "మీ పోలీసులు మాత్రం? ఆడదాని పళ్ళు రాలగొట్టినా ఇంటి గొడవ, ‘డొమెస్టిక్’ అంటారుగా! అదేం భాష?" అన్నాను. ఆవిడ నిజమేనని ఒప్పుకుంది.

ఆ పిల్లకు వెళ్ళడానికి చోటు లేదు. అలాంటి వీసా మీద వచ్చినవాళ్ళకు ప్రభుత్వ సాయం అందదు, ఏ ఆశ్రయానికి ఫోన్ చేసినా వీసా సంగతి వినగానే గొంతు మారింది. ఇంకెక్కడికి పంపుతాను? మా ఇంటికే తీసుకొచ్చి పైగదిలో పెట్టాను. మా ఆయన మంచం సర్దాడు. కాదంటే ఊరుకునేదాన్నీ కాదు. ఆమెకున్నది ఒకటే భయం. "నేను మీ దగ్గరున్నట్టు తెలిస్తే చంపేస్తారక్కా. నన్నూ, పాపనీ." పగలు కూడా కర్టెన్లు తీసేది కాదు. కింద పోస్టు పడిన చప్పుడుకే పాపను చంకనేసుకుని బాత్రూంలో దూరేది.

అప్పుడే గృహహింస మీద ఒక బిల్లు కమిటీకి వచ్చింది. ఇలాంటి వీసా మీదున్న ఆడవాళ్ళకు కూడా ఆశ్రయం ఇవ్వాలని మా ఎంపీ సవరణ పెట్టింది. ఈమె సంగతి చెప్పవచ్చా అని ముందే అడిగించింది. పేరూ ఊరూ బయటపెట్టకుండా అయితే చెప్పమనండి అంది ఆ పిల్ల. మా ఎంపీ ఆ తెలుగు మాటను తెలుగులోనే పలుకుతానని పట్టుబట్టింది. లండన్ రైల్లోంచి ఫోన్ చేసి నా దగ్గర నేర్చుకుంది. నేను "చేసుకున్నారు" అంటే ఆవిడ "చెస్కునారూ" అంటుంది. రైల్లో పక్కనున్నవాళ్ళు ఏమనుకున్నారో ఏమో.

ఆ రోజు ఆఫీసులో పని మానేసి లైవ్ పెట్టుకున్నాను. ఆవిడ లేచి, "చేయి చెస్కునారూ" అంది. ఆ మాట పోలీసు నోట్సులో ఎలా మాయమైందో చెప్పింది. దవడ, చెవి, ఇస్త్రీపెట్టె, సింకు, ఒక్కటీ వదల్లేదు. ఎదుటి సభ్యుడొకడు నవ్వుతూ లేచి, మనమందరం ఇక్కడ చేతులు వాడుకుంటూనే ఉంటాం కదా అన్నాడు. వాడి నవ్వు మండ! నేను స్క్రీన్ మీద ఒక్కటిచ్చాను. "గౌరవ సభ్యుడి చెయ్యి ఎప్పుడైనా ఎవరి కర్ణభేరినైనా పగలగొట్టిందా?" అంది మా ఎంపీ. ఆ సభ్యుడు కూర్చున్నాడు. మంత్రి మాత్రం ఇప్పుడున్న ఏర్పాట్లు చాలన్నాడు. ఓటింగులో సవరణ ఓడిపోయింది. పార్లమెంటు రికార్డు రాసేవాళ్ళు మాత్రం తర్వాత నాకు ఫోన్ చేసి, ఆ తెలుగు మాట స్పెల్లింగ్ అడిగి మరీ రాసుకున్నారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాటికల్లా ఆ వీడియో ముక్క మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిటిలోకీ పాకింది. లీడ్స్ నుంచి బేసింగ్‌స్టోక్ దాకా, కార్డిఫ్ డాక్టర్ల గ్రూపుతో సహా. "బ్రిటిష్ పార్లమెంటులో మన తెలుగు!" అని పైన రాసి, కింద దండాలు, చప్పట్లు, జెండాలు. ఆవిడ పలికిన మాటేమిటో, ఎందుకు పలికిందో ఒక్కడికీ పట్టలేదు. మన తెలుగు సంఘం పెద్దాయన, అందరం అంకుల్ అంటాం, నాకు ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ మేడంని ఉగాదికి చీఫ్ గెస్ట్‌గా పిలుద్దాం. శాలువా కప్పుదాం."

"అంకుల్, ఆవిడ ఏం మాట్లాడిందో విన్నారా?"

"ఆఁ, విన్నాను. యాక్సెంట్ కొద్దిగా తేడా, అయినా భలే పలికిందమ్మా!"

"మనవాడొకడు పెళ్ళాన్ని చావబాదాడని చెప్పింది అంకుల్. దానికా శాలువా?"

"అదీ నిజమేననుకో. ఇంతకీ ఎవరమ్మా ఆ అమ్మాయి? మన లీడ్స్‌లోనేనా? గ్రూపులో అందరూ అడుగుతున్నారు."

ఫోన్ పెట్టేశాను. ఆ గ్రూపుల్లోనే ఆ మొగుడూ ఉంటాడని అప్పుడు తట్టింది. చెవీ, ఇస్త్రీపెట్టే వింటే వాడికి పేరు కూడా అక్కర్లేదు. ఎంపీ ఎవరు, ఎక్కడ కూర్చుంటుంది అన్నవి లైబ్రరీ తలుపు మీదే రాసుంటాయి. పోలీసులకు ఫోన్ చేసి చెప్పాను. గమనిస్తామన్నారు.

శుక్రవారం ఇంట్లో ఎవరూ ఉండరని తల్లీబిడ్డలను నాతోపాటే లైబ్రరీకి తెచ్చుకున్నాను. వెనక వంటగదిలో కూర్చోబెట్టి తలుపేశాను. వాడు పదకొండింటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు బ్యాడ్జి. "నా పెళ్ళాం ఎక్కడే?" అంటూ కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టాడు. క్యూలో ఉన్న ముసలాయన కింద పడ్డాడు. వంటగదిలో పాప ఏడుపు వినపడగానే వాడు అటు దూకాడు. మా ఎంపీ తలుపుకు అడ్డంగా నిలబడింది. వాడు ఆవిడ చెయ్యి పట్టి మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆవిడ మోకాళ్ళ మీద కూలిపోతే మొహం మీద తన్నాడు. మూతి చిట్లి రక్తం కార్పెట్ మీద పడింది. టేబుల్ మీద కెటిల్ ఉంది. దాన్ని తీసి వాడి మోచేతి మీద కొట్టాను, మళ్ళీ కొట్టాను, నీళ్ళు చిమ్మి వాడు కుయ్యోమని కూలబడ్డాక కూడా కొట్టాను. లైబ్రరీ గార్డు వచ్చి నన్ను వెనక్కి లాగితే గానీ ఆగలేదు. నాకు ఇప్పటికీ దానికి బాధ లేదు.

ఈసారి పోలీసులు ఆఘమేఘాల మీద వచ్చారు. రెండు కార్లు, ఒక వ్యాను. ఇంటర్‌ప్రెటర్ అవసరమే రాలేదు. ఎంపీ మీద దాడి అనగానే వాడి చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. వంటగది తలుపు సందులోంచి ఆ పిల్ల అంతా చూసింది. వ్యాను కదిలాక బయటికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"ఎంపీ గారికి ఒక్కసారి దెబ్బ తగిలితే ఇంతమంది వచ్చారేంటక్కా? మరి నేను?"

దాన్ని ఆఫీసరుకు ఇంగ్లీషులో చెప్పాను. కుర్రాడు, చెవులు ఎర్రబడ్డాయి. టోపీ తీసి పక్కన పెట్టి, ఆమె ఎదురుగా కూర్చుని, మొదటినుంచీ చెప్పమన్నాడు. ఫోన్లో ఎవరూ లేరు, మధ్యలో నేనే ఉన్నాను. అతను అడిగిందల్లా ఆమె చెప్పింది, నేను ఒక్క దెబ్బ కూడా వదలకుండా దించాను. మా ఎంపీ అంబులెన్సు ఎక్కనని మొండికేసి, విరిగిన చేతికి వంటగది తువాలు చుట్టుకుని, పగిలిన పెదవితో అంతా విన్నది.

అంతా అయ్యాక, "సోమవారం దీని మీద సభలో లేస్తాను. ఆమెకు చెప్పు" అంది.

చెప్పాను. ఆ పిల్ల పాపను గట్టిగా పొదువుకుని తల అడ్డంగా ఊపింది.

"వద్దని చెప్పక్కా. మళ్ళీ గ్రూపుల్లో పెడతారు."