సెంజికి కుదిరిన బూట్లు

మా లోయలో పిల్లలకు నడక కంటే ముందు స్కీయింగ్ వస్తుందని గొప్పలు చెప్పుకుంటాం. ఆ పిల్లల పాదాలు బూట్లలో పట్టేలా ఉన్నాయో లేదో మాత్రం ఎవరూ చూడరు. సెంజి పాదాలు పట్టేవి కావు. వేళ్ల దగ్గర వెడల్పు, మడమ దగ్గర సన్నం, నడుమ పైభాగం గుట్టలా లేచి ఉంటుంది. చాలదన్నట్టు బొటనవేళ్ల పక్క ఎముకలు ఏటేటా ఇంకాస్త బయటికి పొడుచుకొచ్చాయి. అలాంటి కాళ్లతో ఆవిడ ఎంచుకున్న ఉద్యోగం, చలికాలమంతా స్కీ బూట్లలో నిలబడి చిన్నపిల్లలకు మంచు మీద జారడం నేర్పడం!

నొప్పి గురించి సెంజి ఎన్నడూ నోరు విప్పలేదు. బూట్లు నొప్పెడుతున్నాయని మూలిగేది పట్నం నుంచి సెలవులకొచ్చినవాళ్లే అని మా ఊళ్లో ఒక తిక్క నమ్మకం. ఊరివాళ్లు పళ్లు బిగబట్టి ఊరుకుంటారు. సెంజి కూడా బిగబట్టింది. నల్లబడిన కాలిగోళ్లకు వేసవిలో ఎర్రరంగు పూసుకునేది. మొగుడు మెయిన్‌రాడ్ అది చూసి, ఈ వయసులో దీనికి సోకులు ముదిరాయని మురిసిపోయేవాడు. ఇక వైద్యం అంటారా, తనకు తానే చేసుకుంది. బూట్లు మార్చినప్పుడల్లా ముందుకంటే పెద్దవి కొనేది. అవి వదులై కాలు జారిపోతుంటే అత్తగారు అల్లిన ఉన్ని మేజోళ్లు జతపై జత తొడిగి, బకిల్స్ ఊపిరాడనంతగా బిగించేది.

ఆ ఏడాది తొలిమంచు పడ్డ వారానికే స్కీ బడి పెద్ద, టాసిలో అనే అతను, ఆమెను పక్కకు పిలిచాడు. ఒకప్పుడు ఇతగాడికి మంచు మీద ఆగడం నేర్పింది కూడా సెంజే.

"ఈసారి టికెట్ల గదిలో కూచోరాదూ? వెచ్చగా ఉంటుంది" అన్నాడు.

"నాకేమైందిరా, వెచ్చగా కూచోడానికి?"

"ఏమీ కాలేదు. అందుకేగా మెట్లు పీతలా పక్కకి తిరిగి దిగుతున్నావ్!"

"మెట్లు జారుడుగా ఉన్నాయి."

"అందరికీ జారట్లేదు మరి. చూడు సెంజీ, క్రిస్మస్ క్లాసులు మొదలయ్యేనాటికి రోజంతా బూట్లలో నిలబడగలిగితే పిల్లలు నీవాళ్లే. లేదంటే టికెట్లు. ఇంకో మాట లేదు."

ఇంటికొచ్చి గిన్నెల మీద కోపం చూపించింది. మెయిన్‌రాడ్ మంచు చదును చేసే బండి నడుపుతాడు. నాలుగు ఊళ్ల కబుర్లు అతని చెవిన పడుతుంటాయి.

"కొండకవతల సెరాఫిన్ అని ఒకడున్నాడట. ఎలాంటి తిక్క కాళ్లకైనా బూట్లు కుదురుస్తాడట" అన్నాడు, సూప్‌లో రొట్టె ముంచుకుంటూ.

"అవతలి లోయవాడా?"

"అవతలి లోయవాడే."

"చచ్చినా వెళ్లను."

అవతలి లోయవాళ్లంటే మాకు గిట్టదు. ఎందుకు గిట్టదో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. సెంజి రెండు రోజులు భీష్మించుకుని కూచుంది. మూడో రోజున, పంటి డాక్టరు దగ్గరికి వెళుతున్నానని పక్కింటావిడకు అబద్ధం చెప్పి, స్కీ బూట్లు సంచిలో వేసుకుని బస్సెక్కింది.

సెరాఫిన్ కొట్లో వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. బూట్లు కంటికి కనబడవు. అన్నీ వెనక గదిలో ఉంటాయి. ముందు గదిలో ఒక బల్ల, దాని మీద పెన్సిల్ చెవి సందులో పెట్టుకున్న బక్కపలచటి మనిషి. మా దగ్గర కొండ ఎత్తు పెరిగేకొద్దీ మర్యాదలు తగ్గుతాయి. మీరు, గారు అన్నీ కింద పట్నంలోనే. అతను పేరైనా అడగలేదు.

"బూట్లు తియ్యి. మేజోళ్లు తియ్యి. అటూ ఇటూ నడువు."

నడిచింది. గోళ్ల మీద మిగిలిన వేసవి ఎర్రరంగు వైపు అతను కాసేపు చూశాడు.

"ఎక్కడ నొప్పి?"

"నొప్పా? ఎక్కడా లేదు."

"మరెందుకొచ్చావ్?"

"పాతబడ్డాయి. కొత్తవి కావాలి."

అతను ఆమె పాత బూటు తీసుకుని లోపలి మెత్తటి తొడుగు లాగేశాడు. ఉత్త ప్లాస్టిక్ డొల్లలో ఆమె కాలు పెట్టించి, వేళ్లు ముందుకు ఆనించమని, మడమ వెనక చెయ్యి దూర్చాడు.

"ఇక్కడ రెండు వేళ్లు పట్టాలి. నా చెయ్యి మొత్తం పట్టింది. ఇది బూటా, పడవా?"

"నా కాళ్లు పెద్దవి."

"కాళ్లు పెద్దవి కావు తల్లీ, బూటు పెద్దది. లోపల కాలు ఈత కొడుతోంది. దాన్ని ఆపడానికి నువ్వు బిగిస్తున్నావ్, ఆ బిగింపు ఎముక మీద పడుతోంది. ఈ దుప్పట్లు ఎవరల్లారు?"

"దుప్పట్లు కావు, మేజోళ్లు. మా అత్తగారు."

"ఆవిడకి నీ మీద ఏమైనా పగా?"

సెంజికి నవ్వాగలేదు. అతను లోపలికెళ్లి చిన్న సైజు బూట్లు తెచ్చి, పల్చటి మేజోళ్ల మీద తొడిగించాడు. కాలు ఇరికింది. ఎముకల దగ్గర చురుక్కుమంది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"ఎక్కడ నొక్కుతోంది?"

"ఎక్కడా లేదు."

సెరాఫిన్ పెన్సిల్ చెవి సందులో పెట్టేసుకుని లేచాడు. "అయితే ఇంటికెళ్లు."

"ఏం?"

"నీ కాల్లోకి దూరి నేను చూడలేను. ఏ చోట వేడి చేసి సాగదియ్యాలో నువ్వు చెబితేనే నాకు తెలుస్తుంది. మీ లోయవాళ్లంతా ఇంతే! పోయినేడు మీవాడొకడు బాగుంది బాగుంది అని పట్టుకెళ్లి, వారం తిరక్కుండా కిటికీలోంచి బయటికి విసిరేశాట్ట. చెడ్డపేరు నాకు."

సెంజి మొహం జేవురించింది. కాళ్లకున్నవి ఊడదీసి, పాత బూట్లు చంకన పెట్టుకుని తలుపు దాకా వెళ్లింది. అవతలి లోయవాడి చేత మాట పడడమా! కానీ తలుపు మీద చెయ్యి పెట్టాక టికెట్ల గది కళ్లముందు కదిలింది. అద్దానికి ఇవతల తను, అవతల పిల్లల రంగు రంగుల టోపీలు, వాళ్ల ముందు ఇంకెవరో. వెనక్కి వచ్చి బల్ల మీద కూచుంది.

"బొటనవేలి పక్కన" అంది, నేల చూపులు చూస్తూ.

"ఎలా?"

"నిప్పు పెట్టినట్టు. పైన, ఈ గుట్ట మీద, కత్తి దింపినట్టు. మధ్యాహ్నానికి చిటికెన వేలు ఉందో ఊడిందో కూడా తెలీదు. పిల్లల మీద ఊరికే కసురుతున్నాను. వాళ్లేం చేశారు పాపం..."

సెరాఫిన్ మోకాళ్ల మీద కూచుని, ఆమె చెప్పిన ప్రతిచోటా పాదం మీద పెన్సిల్‌తో సున్నా చుట్టాడు. "ఇంకా?" అన్నాడు. ఇంకా చాలా ఉంది. అంతా చెప్పింది. కట్టుకున్నవాడికి కూడా చెప్పనిది పరాయి లోయవాడికి చెప్పింది.

అతను పాదం అచ్చు తీసి దానికి సరిపడా లోపలి అట్ట చేశాడు. సున్నాలున్న చోట్ల డొల్లను వేడి చేసి బయటికి నెట్టాడు, చల్లార్చాడు, తొడిగించాడు, మళ్లీ నెట్టాడు. చివరిసారి ఆమె లేచి నిలబడితే మడమను ఎవరో అరచేత్తో పట్టుకున్నట్టుంది. బకిల్స్ ఇంకా పెట్టనేలేదు. సెంజి డబ్బు కట్టి, బూట్లు సంచిలో వేసుకుంది. బయటికొచ్చి బస్టాపులో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నొప్పి పోయినందుకు కాదు, ఇన్నేళ్లూ ఉత్త పుణ్యానికి దాన్ని మోసినందుకు. తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.

వారం రోజులు తొడుక్కుని చూశాక మళ్లీ వెళ్లింది. ఈసారి పంటి డాక్టరు వంక కూడా చెప్పలేదు. కొట్టు నిండా జనం. గుమ్మంలోంచే కేకేసింది: "ఎడమ చీలమండ, లోపలివైపు! పొద్దున బాగానే ఉంటోంది, భోజనం అయ్యాక కొరుకుతోంది!"

అందరూ తలలు తిప్పి చూశారు. సెరాఫిన్ చెవి సందులోంచి పెన్సిల్ తీశాడు.

"అదీ మాటంటే! ఇలా రా, కూచో."

క్రిస్మస్ క్లాసుల మొదటిరోజు ఎముకలు కొరికే చలి. సెంజికి ఎనిమిది మంది పిల్లలు. ఒకడికి అమ్మ కావాలి, ఒకదానికి చేతితొడుగు పోయింది, మిగతావాళ్లు దొరికిన చోటల్లా దొర్లుతున్నారు. టాసిలో పొద్దున్నుంచీ ఏదో పనున్నట్టు అటుగా తిరుగుతూనే ఉన్నాడు. సెంజి పిల్లలతో వంగింది, లేచింది, పడ్డవాళ్లను ఎత్తింది, వెనక్కి జారుతూ వాళ్లను తనవైపు పిలిచింది. భోజనాల తర్వాత కూడా ఎవరినీ కసరలేదు. మూడున్నరకు టాసిలో దగ్గరికొచ్చి, "రేపు కూడా ఈ గుంపు నీదే" అని గొణిగి, ఆమె ఏదో అనేలోపే వెళ్లిపోయాడు.

ఆమె పిల్లల వైపు తిరిగింది. "ఏమర్రా, ఇంకొక్కసారి పైకెళ్లొద్దామా?"

ఎనిమిది మందీ మంచులో చతికిలబడ్డారు. కాళ్లు లాగేస్తున్నాయన్నాడు ఒకడు. నాకూ, నాకూ అన్నారు మిగతావాళ్లు. సెంజి వాళ్లవైపు వింతగా చూసి, పకపకా నవ్వి, ఒక్కొక్కరినీ వాళ్ల అమ్మానాన్నలకు అప్పగించింది. తర్వాత ఒక్కతే లిఫ్టు దగ్గరికి వెళ్లింది.

లిఫ్టువాడు ఆమె వెనక చూశాడు. "ఆఖరి కుర్చీ ఇది. పిల్లలేరి?"

"అలిసిపోయారు, పంపించేశాను."

"మరి నువ్వు?"

"నేను అలిసిపోలేదు" అంది సెంజి. ఆ మాట తన నోట విని తనకే ముచ్చటేసింది. కుర్చీలో వెనక్కి ఆనుకుని, కాళ్లు గాల్లో ఊపుకుంటూ పైకి వెళ్లింది.