నౌకరీ కోసం ఉరకలేదు

నేను మొదటిసారి ఉరికింది నా బిడ్డను కొట్టిన రోజు.

మిలిటరీలో ఉన్న మా ఆయన దగ్గర్నుంచి తొమ్మిది రోజులుగా ఫోన్ లేదు. టీవీలో ఏ సరిహద్దు చూపించినా ఆయన ఉన్నది అక్కడే అనిపించేది. ఆ పొద్దున రెండో తరగతి చదివే నా బిడ్డ పాలగ్లాసు ఒలకబోసింది. నా అయిదు వేళ్లూ దాని చెంప మీద తేలాయి. అది ఏడవలేదు, ఊరికే నా ముఖంలోకి చూసింది. ఆ చూపు ముందు నిలబడలేక గుమ్మం దాటి కాలువ రోడ్డు పట్టాను. నడుస్తున్నాననే అనుకున్నాను. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చేసరికి ఉరుకుతున్నాను, ఏడుస్తున్నాను కూడా. పాలవాడు ఎదురొచ్చి దారి ఇచ్చి పోయాడు. నా ముఖం మీద ఉన్నదంతా చెమటే అనుకుని ఉంటాడు.

ఇంట్లో ఏడ్చే వీలు లేదు. సిపాయి పెండ్లాం ఏడిస్తే సిపాయికి అచ్చిరాదని మా అత్త నమ్మకం. కళ్లు తుడుచుకోవడం కనబడితే చాలు, చేతిలో చుడుతున్న బీడీ చేటలో పడేసి కొడుకు పేరు మీద దండం పెట్టేది. బయట కూడా వీలు లేదు. ఒకసారి నిజామాబాదులో జెండా పండుగకు జవాన్ల భార్యలకు సన్మానమని పిలిచారు. వేదిక మీద మాట్లాడుతుంటే నాకు ఏడుపొచ్చింది. పక్కనున్న పెద్దమనిషి మైకు అందుకుని, వీరుల ఇళ్లలో కన్నీళ్లు ఉండవని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ తర్వాత శాలువాలు సరిపోలేదని, ఫోటో దిగాక నా భుజం మీది శాలువా తీసి వెనక నిలబడిన ఆమెకు కప్పారు. అది ఆకుపచ్చ శాలువా, అంచున ఒక దారం ఊడి ఉంది. ఇంత చిన్న విషయం ఇంకా ఎందుకు గుర్తుపెట్టుకున్నావని మా ఆయన అంటాడు. ఆయన భుజం మీద నుంచి ఎవరూ ఏదీ తీయలేదు కాబట్టి అంటాడు.

అందుకని ఆ పొద్దుటి గంట నాకు దక్కాలనుకున్నాను. అంతకంటే ఏమీ అడగలేదు. ఆయన వదిలేసిపోయిన పాత గుడ్డబూట్లు నాకు ఒక సైజు పెద్దవి. ముందు వేళ్ల దగ్గర గుడ్డపేలికలు కుక్కి, పంజాబీ డ్రెస్సు మీద చున్నీ అడ్డంగా కట్టుకుని రోజూ పోయేదాన్ని. వారం తిరక్కముందే పక్కింటామె వాకిట్లో కాపు కాసింది.

"ఏందక్కా, పొద్దుగాల పొద్దుగాల ఉరుకుతున్నవ్. ఎంటవడ్డరా ఎవలన్న?"

మా అత్త గడపలోనే ఉంది. ఏదో ఒకటి చెప్పాలి. పోలీసు నౌకరీ పడుతుందట, దానికోసం ప్రాక్టీసని అనేశాను. మా దగ్గర ఆడవాళ్లు ఉరికితే ఆ ఒక్క కారణానికే ఉరుకుతారు. ఫ్యాక్టరీ దగ్గరి మైదానంలో అమ్మాయిలు బ్యాచులు బ్యాచులుగా కానిస్టేబుల్ పరుగుకు తయారవుతుంటారు. వాళ్లనెవరూ ఏమీ అనరు.

అబద్ధం బాగా పనిచేసింది. మర్నాడు నేను తిరిగొచ్చేసరికి ఉడికించిన గుడ్డు, ఉప్పు వేసి పెట్టి ఉంది. నా కాపురంలో నాకోసం ఎవరో ఉడికించిన మొదటి గుడ్డు అది. నాకోసం కాదులే, రాబోయే ఖాకీ బట్టల కోసం. మా అత్త మనవరాలికి తనే జడలు వేసింది. బీడీలు అప్పజెప్పే చోట మా కోడలు పోలీసు కాబోతోందని చెప్పుకుంది. ఆ కొన్ని నెలలూ నేను బిడ్డ మీద చెయ్యి ఎత్తలేదు. ఫోన్ రాని రోజుల్లో గేటు దాటి ఇంకా ముందుకు, ఒకప్పుడు చెరుకు ఉండి ఇప్పుడు వరి వేస్తున్న పొలాల దాకా పోయి ఏడ్చి, ఖాళీ అయి వచ్చేదాన్ని.

ఉద్యోగాల ప్రకటన నిజంగానే వచ్చింది. పక్కింటామె తన చెల్లెలి కోసం వయసు పరిమితి తెలుసుకుని, నా వయసు లెక్క కూడా కట్టుకుని మా ఇంటికొచ్చింది. నేను ఎప్పుడో దాటిపోయానని నవ్వుతూ చెప్పి, చాయ్ తాగి వెళ్లింది.

అబద్ధం చెప్పానని మా అత్త తిడుతుందనుకున్నాను. ఆమెకు అబద్ధం పట్టలేదు.

"నౌకరీ లేకపాయె, ఏం లేకపాయె. గిన్ని దినాలు ఉట్టిగనే ఉరికినవా?"

మనసు బాగుండదని, ఉరికితే బాగుంటుందని చెప్పాను. ఇంటికాడ ఉన్నదానికి మనసేమవుతుంది, మంచులో నిలబడ్డది నా కొడుకు కదా అంది. బూట్లు తీసి తన ఇనుప సందుకలో పెట్టి తాళం వేసింది. ఆ రాత్రి ఫోన్లో ఆయనకు చెప్పాను. అమ్మతో లొల్లి వద్దని, తనొచ్చాక చూద్దామని ఆయన అన్నాడు. ఆయన రావడానికి ఇంకా మూడు నెలలుంది.

పదిహేను రోజులు ఊరుకున్నాను. ఒక పొద్దున జడ వేస్తుంటే బిడ్డ తల అటూ ఇటూ తిప్పింది. నా చెయ్యి లేచింది. అది ముందు పాలగ్లాసు దూరంగా జరిపింది, తర్వాత నావైపు తిరిగింది.

"మమ్మీ, నువ్వు వొయ్యి ఉరుకు."

మేడ మీదికి పోయి వట్టికాళ్లతో ఉరికాను. ఈ గోడ నుంచి ఆ గోడకు, అరికాళ్లు బొబ్బలెక్కేదాకా. మర్నాడు కూడా, ఆ మర్నాడు కూడా. తమ గోడ అదురుతోందని పక్కింటామె ఫిర్యాదు చేసింది. మా అత్త మెట్ల మీద తునికాకు కట్టలు అడ్డం పెట్టింది. వాటిని దాటుకుని పోయాను.

ఆయన సెలవు మీద వచ్చాడు. రెండో రోజు పొద్దున తల్లితో సందుక తెరిపించి, బూట్లు తీసి నా ముందు పెట్టాడు. అబద్ధమెందుకు, నాకు సంతోషమైంది. ఇద్దరం కలిసి ఉరికాం. నెలల తరబడి నన్ను చూసి తల తిప్పుకున్న రోడ్డే ఆయనకు లేచి నిలబడింది. ఫ్యాక్టరీ గేటు ముందు చాయ్ హోటల్ అతను మమ్మల్ని ఆపి చాయ్ ఇచ్చాడు.

"అన్నా, వదినెకు గూడ నేర్పిచ్చినవా?"

"మరి? ఫౌజీ పెండ్లామంటే ఊకెనా. నేనే ట్రైనింగిచ్చిన."

ఆయన నవ్వాడు. అందరూ నవ్వారు. నేను చాయ్ తాగకుండా బల్ల మీద పెట్టాను. ఇంటికొచ్చే దారిలో అడిగితే, ఏదో మాటవరసకు అన్నానని, దానికింత ముఖమెందుకని అన్నాడు. బొబ్బల మచ్చలు చూపించాను. గ్రౌండులో తమకు రోజూ అయ్యేవే అన్నాడు.

పోయేముందు మిలిటరీ క్యాంటీన్ నుంచి నాకు కొత్త బూట్లు తెచ్చాడు. అయిదో సైజు. నాది ఏడు. ఆడవాళ్ల కాళ్లు అంత పెద్దగా ఉంటాయనుకోలేదట. పన్నెండేళ్ల నుంచి ఈ కాళ్లే ఆయన ఇంట్లో తిరుగుతున్నాయి. తల్లితో మాత్రం గట్టిగా చెప్పాడు, ఉరకనివ్వమని, ఫ్యాక్టరీ గేటు దాకా అయితే ఫరవాలేదని.

ఇప్పుడు నన్నెవరూ ఆపరు. కొత్త బూట్లను మా అత్త షోకేసులో పెట్టి, వచ్చినవాళ్లందరికీ నా కొడుకు దీన్ని ఉరకబెట్టిండని చూపిస్తుంది. నేను ఎక్కడున్నా వచ్చి, కాదని చెప్పి పోతాను. చాయ్ హోటల్ దగ్గర కూడా ఒకరోజు ఆగి, మీ అన్న నేర్పలేదు, నేనే నేర్చుకున్నానని చెప్పాను. ఎవరు నేర్పితే ఏంది వదినే అని అతను గ్లాసులు కడుక్కున్నాడు.

ఆయన పాత బూట్లలో పేలికలు మార్చి రోజూ గేటు దాటుతున్నాను. తిరిగొచ్చేసరికి బిడ్డ గడపలో పాలగ్లాసుతో కూర్చుని ఉంటుంది.

"గేటు దాటినవా మమ్మీ?"

"దాటిన," అంటాను, లోపల బీడీలు చుడుతున్న మా అత్తకు వినబడేలా.