పాత స్టేషన్‌లో పట్టా గంట

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అసలే లేదు. బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ చూస్తాను. ఏం జరిగినా దానికో కారణం ఉంటుందని పదిమందికి చెప్పడమే నా ఉద్యోగం.

మా ఇల్లు పటాన్‌చెరు అవతల, మూతబడ్డ రైల్వే స్టేషన్ పక్కన. ఒకప్పుడు అక్కడ ప్యాసింజర్ బండ్లు ఆగేవి. షేర్ ఆటోలు పెరిగాక ఎక్కేవాళ్లు తగ్గారు, స్టేషన్ మూసేశారు. ఇప్పుడు గూడ్స్ బండ్లు ఆగకుండా పోతాయి. టికెట్ గది కప్పు కూలిపోయింది, ప్లాట్‌ఫాం మిగిలింది.

స్టేషన్ నడిచిన రోజుల్లో అక్కడ గంటకు బదులు రైలు పట్టా ముక్క వేలాడేది. బండి వస్తుందంటే ఇనుప కడ్డీతో దాన్ని రెండుసార్లు కొట్టి, కాస్త ఆగి ఇంకోసారి కొట్టేవారు. అది వినగానే మా ఊరివాళ్లు ఎక్కడివాళ్లక్కడ కింద కూర్చునేవారు. నిలబడితే కాళ్లు ఊరుకోవు, ఉరికి పట్టాలు దాటుదామనిపిస్తుంది అనేవారు పెద్దలు. స్టేషన్ మూశాక ఆ ముక్కను ఎవరో పాత ఇనుము కింద అమ్ముకున్నారు.

నా భార్య పద్మజ వాళ్లది భీమవరం వైపు. వాళ్ల నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగానికని ఇటు వచ్చాడు. ఆమె మా ఇంటికి వచ్చేసరికి గంటా లేదు, కూర్చునేవాళ్లూ లేరు. ఆ సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.

కిందటి చలికాలం, ఒక పొద్దున బాగా మంచు పట్టింది. మా పాప స్కూల్ వ్యాన్ పట్టాల అవతల ఆగుతుంది. సేఫ్టీ పాఠాలన్నీ ఫ్యాక్టరీలోనే వదిలేసి, పాపను ఎత్తుకుని పట్టాల మీదికి దిగబోయాను. వెనక నుంచి పద్మజ నా చొక్కా పట్టుకుని లాగింది. చూస్తే ప్లాట్‌ఫాం మీద చతికిలబడి ఉంది.

"కూర్చోండి. గంట కొట్టారు కదా," అంది.

నాకేమీ వినబడలేదు. చొక్కా వదలకపోయేసరికి విసుక్కుంటూనే కూర్చున్నాను. అంతలోనే మంచులోంచి గూడ్స్ బండి దూసుకొచ్చింది. కరెంటు ఇంజను, దగ్గరికి వచ్చేదాకా చప్పుడే తెలియలేదు. పాపను గట్టిగా హత్తుకుని ఏడ్చేశాను.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాక మా అమ్మ పద్మజను అడిగింది. "గంట ఎట్ల కొట్టిండ్రు బిడ్డా?"

పద్మజ చెంచాతో గ్లాసు మీద కొట్టి చూపించింది. రెండు, ఆగి ఒకటి. అమ్మ ఉన్నచోటనే కూర్చుండిపోయింది.

స్టేషన్ పక్కన ఇనుప పని చేసే షెడ్డు ఒకటి ఉంది, దాని చప్పుడేమోనని వెళ్లి అడిగాను. అప్పటికి పని మొదలే కాలేదన్నారు. పోనీ గంట సంగతి ఇంకెవరైనా చెప్పారేమో అనుకుని, కూర్చోవాలని నీకెలా తెలిసిందని పద్మజనే అడిగాను.

"అందరూ కూర్చున్నారు కదండీ," అంది.

ఆ పొద్దున ప్లాట్‌ఫాం మీద మేం ముగ్గురం తప్ప ఎవరూ లేరు. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. మా పాప మాత్రం రోజూ స్కూలుకు పోతోంది, అది ఎవరి పుణ్యమో నాకు తెలియదు.