పదకొండు నిమిషాల శోకం

కువైట్‌లో పనిచేసే ఉదయగిరి ఆమె ఒక సామాన్ల గదిలో కూర్చుని ఏడుస్తున్న వీడియోను, రెండేళ్ల కిందట మా ప్రాంతంలో ఫోన్ ఉన్న ప్రతివాళ్లూ చూశారు. దాన్ని ఆమె చెల్లెలే బయటపెట్టిందని అందరూ అనుకున్నారు. ఇప్పటికీ అనుకుంటున్నారు. చెల్లెలు ఎవరికీ ఇవ్వలేదు. ఆమె ఫోన్ నా దగ్గరికి రిపేరుకు వస్తే, అందులోంచి అడగకుండా నేను తీసుకున్నాను. ముందు ఈ మాట రాసేస్తే మిగతావి రాయడం తేలికవుతుందనుకున్నాను గాని, అలా ఏమీ లేదు.

ఆత్మకూరు బస్టాండు దగ్గర నాది సెల్‌ఫోన్ రిపేరు షాపు. దాంతోపాటు ఒక చిన్న వీడియో చానల్ నడిపేవాణ్ని. చానల్ అంటే నేనూ, నా ఫోనూ, ఒక మైకూ. సోమశిల డ్యాము గేట్లు ఎత్తితే వెళ్లేవాణ్ని, కలిగిరిలో ధర్నా జరిగితే వెళ్లేవాణ్ని. జనం ఎక్కువగా చూసేవి మాత్రం గల్ఫ్ వీడియోలు. మా పడమటి మండలాల నుంచి ఆడవాళ్లు ఇళ్లలో పనికి కువైట్ వెళ్లడం కొత్త కాదు. అక్కడ చిక్కుకుపోయి, తిండి సరిగా లేక, కాపాడమని వీడియో పంపేవాళ్లు నిజంగానే ఉన్నారు. అలాంటివి రెండు నా చానల్లో పెట్టాను. వాళ్లలో ఒకామె క్షేమంగా తిరిగొచ్చి, షాపుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ తర్వాత ఏడుస్తున్న ఆడమనిషి ముఖం ఎక్కడ కనపడినా నన్నే పిలుస్తున్నట్టు అనిపించేది.

చెల్లెలు ఆత్మకూరులోనే కాపురం ఉంటుంది. జాకెట్లు కుడుతుంది. ఫోన్ కిందపడి తెర పగిలితే తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఫోన్ ఎట్ట పోయినా పర్లేదన్నా. మా అక్క వీడియోలు మాత్రం పోకూడదు. ఆమె ఆడ చానా బాధలో ఉండాది."

"ఏం బాధమ్మా?"

"రేపు వచ్చి చెప్తాలే. పెళ్లివాళ్ల జాకెట్లు ఉండాయి, తిడతారు," అని వెళ్లిపోయింది.

తెర మార్చాక వీడియోలు తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. అది పనిలో భాగం. ఒకటి తెరిచి, రెండు క్షణాలు చూసి మూసేస్తే చాలు. నేను అన్నిటికంటే చివర వచ్చినదాన్ని తెరిచి, పదకొండు నిమిషాలూ చూశాను.

బియ్యం బస్తాలు, నీళ్ల సీసాల అట్టపెట్టెలు ఉన్న గది. ఫోన్‌ను దేనికో ఆనించి, దానికి ఎదురుగా నేలమీద కూర్చుని ఉంది. ముఖం తుడుచుకుని, "ముసలామె పొద్దున పోయిందిమే," అని చెల్లెలికి చెప్పింది. తర్వాత గొంతు మారింది. "అమ్మా, నన్నెవరి చేతుల్లో పెట్టి పోయినావే. ఈ ఇంట్లో నన్నింక చూసేదెవరే. నేనెట్టా బతుకుదునే అమ్మా," అని ముందుకూ వెనక్కూ ఊగుతూ ఏడ్చింది. మధ్యలో ఎవరో తలుపు తట్టారు. బయటినుంచి ఒక ఆడగొంతు అరబీలో ఏదో అంది. మళ్లీ తట్టి, ఈసారి గట్టిగా అంది. ఈమె తలుపు వైపు చూసి, మెడలోని గుడ్డ నోట్లో కుక్కుకుంది. కాసేపటికి గొంతు తగ్గించి మళ్లీ మొదలుపెట్టింది. ఆ మాటలు నేను సరిగా పట్టించుకోలేదు.

మా వైపు చావింట్లో ఆడవాళ్లు ఊరికే ఏడవరు. శోకం పెడతారు. పోయిన మనిషిని ఎదురుగా ఉన్నట్టే పిలిచి, వాళ్లు చేసినవన్నీ ఏకరువు పెట్టి, నన్నెందుకు వదిలిపోయావని రాగం తీసి నిలదీస్తారు. మా అవ్వ శోకం పెడితే పక్క వీధివాళ్లు కూడా వచ్చి నిలబడి కళ్లు తుడుచుకునేవాళ్లు. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి ఆ రాగం తెలియలేదా అంటే, తెలిసే ఉంటుంది. కానీ శోకం అయినవాళ్లకు పెట్టేది. పక్కింటామె పోతే కూడా ఊరికే ఏడుస్తారు తప్ప శోకం పెట్టరు. అలాంటిది, సముద్రం అవతల పనికి కుదిరిన ఇంట్లో ముసలామె పోతే మన మనిషి శోకం పెడుతుందా? నాకు తట్టలేదు. తల్లి ఉదయగిరిలో బతికే ఉంది కాబట్టి, అమ్మా అని ఆమెనే పిలుస్తోందనుకున్నాను. ముసలామె పోయాక మిగతావాళ్లు ఈమెను హింసిస్తున్నారని, తలుపు బాదుతున్నది కొట్టడానికేనని అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక అనుకోవాలనుకున్నానా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

చెల్లెలు వచ్చి చెప్పేదాకా ఆగకుండా, ఆ రాత్రే పదకొండు నిమిషాలను యాభై సెకన్లు చేశాను. ముసలామె పోయిందన్న మాట తీసేశాను, అది ఇమడదని. నన్ను చూసేదెవరే అన్నచోట మొదలుపెట్టి, రెండోసారి తలుపు తట్టి ఆ ఆడగొంతు గట్టిగా మాట్లాడాక ఆపాను. కువైట్‌లో చిత్రహింసలు, కాపాడమంటూ ఉదయగిరి మహిళ ఆక్రందన అని పేరు పెట్టాను.

రెండు రోజుల్లో పెద్ద చానళ్లు ఎత్తుకున్నాయి. ఎవరో కింద అరబీ అక్షరాలు వేశారు. వాటిలో ఏముందో నాకు తెలియదు. వాటి కింద అరబీలో పోట్లాడుకుంటున్నారు, మలయాళంలో పోట్లాడుకుంటున్నారు, హిందీలో పోట్లాడుకుంటున్నారు. నా వీడియో మీద ఇంతమంది ఏమనుకుంటున్నారో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, లెక్క పెరుగుతూ ఉంటే చూస్తూ కూర్చున్నాను.

మా షాపుకు రెండు అంగళ్ల అవతల టీ అంగడి నడిపేది, కువైట్‌లో పన్నెండేళ్లు కారు నడిపి వచ్చిన సాయిబు. నాలుగో రోజు టీకి పోతే ఆయనే కదిలించాడు.

"ఏంది సామీ, నీ వీడియోలో ఆ అరబ్బామె ఏమంటా ఉండాదో ఎవురినైనా అడిగినావా?"

"తిడతా ఉండాది గదా."

"తిట్టేదానికి అంత పద్ధతిగా తట్టరులే. ఓర్చుకో తల్లీ, అంతా దేవుడి ఇష్టం, తలుపు తీసి ఏదన్నా తిను అంటా ఉండాది. ఏడ్చే గొంతే అది కూడా."

"మరి అంత గట్టిగా ఎందుకు?"

"వాళ్ల మాటే అట్టుంటది. మీ ఇంట్లో అన్నానికి పిలిచేది విన్నా నేను. తెలియనోడు వింటే పోలీసుల్ని పిలస్తాడు."

అంగట్లో వాళ్లంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. గ్లాసులు కడుగుతూ, "వాళ్లలో పోయినోళ్ల కోసం గొంతెత్తి ఏడవకూడదు సామీ. తప్పంటారు. అందుకే ఆ యమ్మ గదిలోకి పోయి ఏడ్చుకున్నట్టుండాది. నువ్వా గది తలుపు ఊరందరికీ తెరిచినావు," అన్నాడు.

అప్పుడే ఆ వీడియో తీసేసి ఉండవచ్చు. ఆయన మాట నమ్మాలో వద్దో తెలియలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. రెండు అంగళ్ల దూరంలో అరబీ తెలిసిన మనిషిని పెట్టుకుని, వీడియో పెట్టేముందు ఎందుకు అడగలేదో మాత్రం ఏమీ చెప్పుకోలేకపోయాను.

వారం తిరక్కుండా ఆమెను పంపించేశారు. చావింట్లో పరామర్శకు వచ్చినవాళ్ల ఫోన్లలోనే ఆ ఇంటివాళ్లు తమ సామాన్ల గదిని చూశారట. ఆత్మకూరు బస్టాండులో నాయకులు శాలువా కప్పారు. ఆమె శాలువాను రెండు చేతులతో పట్టుకుని, పూలదండలు ఎవరికి తెచ్చారో తెలియనట్టు వెనక్కి తిరిగి చూసింది. నేను మైకు పెట్టి, ఎన్నాళ్ల నుంచి కొడుతున్నారని అడిగాను.

"నన్నెవురు కొట్టినారు?" అంది.

"భయపడొద్దమ్మా, ఇప్పుడు మన ఊర్లో ఉన్నావు."

"భయమేందయ్యా. ఆ ముసలామె కూతురికి, తల్లి పోయి మూడు దినాలు కూడా కాకముందే మీరు పెట్టిన రంపు రచ్చ చాలదా?"

ఆ ముక్క కత్తిరించాను. శాలువా ఒక్కటే ఉంచాను.

ఆమెకు మతి చలించిందని కొందరన్నారు, డబ్బిచ్చి నోరు మూయించారని కొందరన్నారు. వీడియో ఎక్కడిదని నన్ను ఎవరో అడిగితే, కుటుంబసభ్యులు పంపించారని చానల్లోనే చెప్పాను. అలా చెప్పడం మా చానళ్లవాళ్లకు అలవాటు. ఆ వీడియో అక్క పంపింది ఒక్క చెల్లెలికే. ఇక అక్కకు వేరే సాక్ష్యం ఏం కావాలి?

చెల్లెలు షాపుకొచ్చి నిలబడింది. "అన్నా, నేను నీకు ఇయ్యలేదు గదా?"

"ఇయ్యలేదమ్మా. మీ వాళ్లకు ఎవరికైనా పంపించినావేమో, అట్టా బయటికొచ్చుంటది, గుర్తు చేసుకో."

నేనన్న మాట ఇది. ఆమె నిజంగానే గుర్తు చేసుకుంటూ, అయోమయంగా మెట్లు దిగిపోయింది. తర్వాత ఒకరిద్దరి పేర్లు చెప్పి, వాళ్లకు పొరపాటున పంపానేమో అని తనే అనుమానపడటం మొదలుపెట్టిందని విన్నాను. అక్క ఉదయగిరిలో తల్లి దగ్గరే ఉండిపోయింది. ఇద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు.

ఈ ఏడాది మా అమ్మ పోయింది. మా చెల్లెలు శోకం పెడుతుంటే బంధువొకడు ఫోన్‌లో తీసి, బాధగా ఉండే సంగీతం కలిపి, తన స్టేటస్‌లో పెట్టుకున్నాడు. నా ఫోన్‌లోనే చూశాను. మా చెల్లెలు నోరు తెరిచి ఉంది, మాట వినపడదు, వీణో ఏదో వినపడుతోంది. వాడి చొక్కా పట్టుకోవాలని లేచాను. రెండడుగులు వేశాక ఎవరి చొక్కా పట్టుకోవాలో తెలియక ఆగిపోయాను.

పెద్దకర్మ అయిన మర్నాడు ఉదయగిరి బస్సెక్కాను. కొండ కనపడిన దగ్గర్నుంచి ఏం చెప్పాలో అనుకుంటూ పోయాను. దిగేసరికి ఒక్కటీ గుర్తులేదు. ఆమె వసారాలో చింతపండు వలుస్తోంది. నన్ను గుర్తుపట్టి, "మళ్లీ మైకు తెచ్చినావా?" అంది.

"లేదక్కా. చానల్ మూసేసినా."

చెప్పాను. బస్టాండులో కత్తిరించినదీ, చెల్లెలికి నేనిచ్చిన జవాబూ అంతా చెప్పాను. ఆమె గింజలు ఒకపక్కా, పండు ఒకపక్కా వేస్తూనే ఉంది. తిడుతుందని చూశాను. ఆమె అడిగింది ఒక్కటే.

"అది మొత్తం ఉండాదా నీ దగ్గర? నా ఫోన్ ఆడే తీసేసుకున్నారు. నేనేం చెప్పి ఏడ్చినానో నాకే గుర్తులేదు."

ఉంది. తెరిచి ఇచ్చాను. చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. నేను కత్తిరించి పారేసిన పది నిమిషాలు, ఆమె పక్కన కూర్చుని మొదటిసారి సరిగా విన్నాను. ముసలామెకు తెలుగు రాదు, ఈమెకు అరబీ అంతంతమాత్రం. మధ్యాహ్నాలు ఇద్దరూ కలిసి ఆమె టీవీలో ఏదో దేశం సీరియలూ, ఈమె ఫోన్‌లో తెలుగు సీరియలూ చూసేవాళ్లు. "ఆ పెద్దబొట్టు అత్త ఈ పొద్దు కోడల్ని ఏం చేసిందని ఎవరడుగుతారే నన్ను. నీ సీరియల్లో ఆ తాగుబోతు మొగుడు మారినాడో లేదో ఎవరు చెప్తారే నాకు. నీ కాళ్లకు నూనె రాస్తే నా తలమీద చెయ్యి పెట్టి నీ భాషలో ఏమనేదానివే అమ్మా."

"ఏమనేది?" అని అడిగాను.

"ఏమో. నేనెప్పుడూ అడగలా." ఫోన్ నాకు తిరిగిచ్చింది. "ఆ కూతురు కూడా నన్ను ఒక్క మాట అనలేదయ్యా. నా గుడ్డలు ఆమే సర్దింది. పెట్టెలో వాళ్లమ్మ జపమాల పెట్టింది. దాన్ని కూడా తీసుకుని పొమ్మన్నదా, గుర్తుగా ఉంచుకోమన్నదా, నాకు ఈ పొద్దుకీ తెలియదు. ఆ పొద్దు తలుపు తట్టింది ఆమే, చావింట్లో ఆమె గొంతు పరాయి మొగోళ్లందరూ విన్నారు. అది మా అందరికీ తల తీసినట్టే."

క్షమించమని అడగబోయాను. ఆమె వినలేదు.

"నాతో ఎందుకు? దానికి ఫోన్ చెయ్యి. నంబరు నేను తీసేసినా."

స్పీకరు పెట్టి చేశాను. కుట్టుమిషను చప్పుడు వినపడింది. చెల్లెలికి కూడా చెప్పాను, ఇక్కడ చెప్పినంతా. మిషను ఆగింది. పెట్టేసిందేమోనని చూశాను.

"రెండేళ్ల నుంచి పంపినోళ్ల పేర్లు లెక్కబెట్టుకుంటా ఉండాను గదన్నా," అంది చివరికి. "యాడున్నావు నువ్వు?"

"ఉదయగిరిలో. మీ అక్క ముందర."

అక్క చింతపండు గిన్నె దగ్గరికి లాక్కుని, నా వైపు చూడకుండా, "అన్నం తిన్నదేమో అడుగు," అంది.

ఆ మాట చెల్లెలికి వినపడింది. నాకు తెలుసు. అయినా నేను అడిగేదాకా ఆగింది.

"అన్నం తిన్నావా అని అడగతా ఉండాదమ్మా అక్క."

"తిన్నానని చెప్పన్నా. ఆమెకు మోకాలు ఎట్టుండాదో అడుగు."

"మోకాలు ఎట్టుండాదని అడగతా ఉండాదక్కా."

"ఉండాది, అట్టే ఉండాదని చెప్పు."

అలా ఇద్దరి మధ్యా కూర్చుని, ఇద్దరికీ వినపడుతున్న మాటల్నే అటూ ఇటూ చెబుతూ పోయాను. అది రాజీ అయిందో, నా ముందు కాబట్టి అంతటితో ఆగారో నాకు తెలియలేదు. బస్సుకు టైమైందని లేవబోతే, "కూర్చో, ఇంకా అయిపోలా," అంది అక్క. కూర్చున్నాను.