చిక్కుడు వేళ్ళకు నేను అంటగట్టిన రోగం

మా చిన్నప్పుడు... బాలమణక్క పెంచుకున్న చిక్కుడు పాదులన్నీ పీకిపారేసింది వేరెవరో కాదు, నేనే. ముందే ఒప్పేసుకుంటున్నాను.

తొంభైల నాటి మాట. అశోక్‌నగర్‌లో మేం కిరాయికుండే ఇంటి పక్కన గోడ కట్టిన ఖాళీ జాగా ఉండేది. దానికి కాపలాగా రేకుల షెడ్డులో బాలమణక్క, ఆమె పెనిమిటి రాములన్న ఉండేవారు. పాలమూరు నుంచి కూలి పనులకొచ్చినవాళ్ళు. ఆ ఏడు రాములన్న పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు... ఇక ఆమె కూలి ఒక్కటే దిక్కు. గోడ పొడుగునా పెట్టిన ఎనిమిది చిక్కుడు పాదులే ఆ చలికాలానికి వాళ్ళ కూర. దసరా సెలవులకు పూత మొదలైంది.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. చిక్కడపల్లి ఫుట్‌పాత్ మీద దొరికే కరపత్రాలు, పదహారు పేజీల చిన్న పుస్తకాలు ఒక్కటీ వదలకుండా చదివేదాన్ని. చదివింది సాయంత్రానికల్లా లోకంలో అమలైపోవాలి! సిగరెట్ల మీద మా నాన్నతో మూడు రోజులు మాటలు మానేసిన ఘనత నాది.

ఆ వారం చదివింది పంట తెగుళ్ళ పుస్తకం. వేళ్ళకు బుడిపెలు కనిపిస్తే పురుగు పట్టినట్టట... వెంటనే పీకి కాల్చకపోతే చేనంతా పోతుందట.

మర్నాడే కోళ్ళు కెలికి ఒక పాదు వాడిపోయి కనిపించింది. పీకి చూశాను. వేళ్ళ నిండా జొన్న గింజలంత బుడిపెలు...

ఇక ఆగుతానా.

షెడ్డు ముందు మంచం మీంచి రాములన్న కేకేశాడు. "వద్దు బిడ్డా... బాలమణి రానీ, అడిగి పీకు."

"ఆవిడొచ్చేలోపు అన్నిటికీ అంటుకుంటుంది. మీకు తెలీదు రాములన్నా."

ఆయన లేవలేడు. అది తెలిసీ నేను ఆగలేదు. ఎనిమిదీ పీకేశాను.

పొద్దుగూకే వేళ బాలమణక్క సిమెంటు దుమ్ముతో వచ్చి, కుప్ప ముందు నిలబడింది.

"గిదేంది?"

"తెగులక్కా... కాల్చేయాలి."

"తెగులు సంగతి పక్కకు పెట్టు బిడ్డా. రేపు కూరేందో జెప్పు."

నేను పుస్తకం తెరిచి ఆ పేజీ చూపించబోయాను. ఆమె కుప్పను మాత్రం కాల్చనివ్వలేదు.

నాది తప్పు కాదని నిరూపించుకోవడానికి ఒక వేరు పట్టుకుని కింది వాటాలోని జానకి మేడం దగ్గరకు పరిగెత్తాను. ఆవిడ నారాయణగూడలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. గోటితో బుడిపెను గిల్లితే ఇట్టే ఊడొచ్చింది. నొక్కితే లోపల గులాబీ రంగు.

"పురుగు పట్టిన బుడిపె వేరులోనే కలిసి ఉంటుందే, ఇలా ఊడదు. నీ పుస్తకం ఎన్ని పేజీలు?"

"పదహారు."

"పదిహేడో పేజీ నేను చెప్తా, కూర్చో."

ఆ రోజు నేను విన్నది ఇది... గాలిలో ఐదింట నాలుగు పాళ్ళు నత్రజనే. అయినా మొక్కలు దాన్ని నేరుగా తీసుకోలేవు. చిక్కుడు బుడిపెల్లో కాపురముండే సూక్ష్మజీవులు దాన్ని పట్టి మొక్కకు పనికొచ్చేలా మారుస్తాయి. బదులుగా మొక్క వాటికి చక్కెర పెడుతుంది. ఆ మొక్కను మనమో, బర్రెలో తింటాం. పేడ, ఎండుటాకు మట్టిలో కలుస్తాయి. మట్టిలోని మరికొన్ని జీవులు వాటిని కుళ్ళబెట్టి, ఆ నత్రజనిని మళ్ళీ వేళ్ళకు అందిస్తాయి. ఇంకొన్ని కొంత భాగాన్ని గాలికి తిరిగి వదిలేస్తాయి... ఇలా తిరుగుతూనే ఉంటుంది.

నేను రోగమనుకుని పీకింది, గాలిని అన్నంగా మార్చే వంటింటిని!

"కాల్చేశావా?" అడిగారు మేడం.

"లేదు, బాలమణక్క ఒప్పుకోలేదు."

"ఆవిడే నయం. కాలిస్తే ఉన్న నత్రజని కాస్తా గాలిపాలయ్యేది. ముక్కలు కొట్టి అక్కడే పాతిపెట్టు."

చేతులు బొబ్బలెక్కేదాకా తవ్వాను. ముక్కలు పాతి రోజూ నీళ్ళు చల్లాను. పదిహేను రోజులాగి బాలమణక్క అక్కడే తోటకూర గింజలు చల్లింది. అన్నాళ్ళూ మా కూరలో సగం గిన్నెలో పెట్టి, "పీకింది నువ్వు, మోసేదీ నువ్వే" అనేది అమ్మ. ఆ గిన్నె పట్టుకుని రాములన్న ముందుకు వెళ్ళడం... తవ్వడం కంటే కష్టంగా ఉండేది.

మొలకలు వస్తాయో రావోనని పొద్దున్నే గోడెక్కి చూసేదాన్ని.

వచ్చాయి. చిక్కుడు పాతిన మేరంతా చిక్కటి ఆకుపచ్చ... పాతని చోట పాలిపోయిన ఆకులు. గీత గీసినట్టు తేడా. ఒక పొద్దున బాలమణక్క ఒడి నిండా తోటకూర కోసుకుని మా గడప ముందు నిలబడింది.

"మీ గిన్నె ఇగ వద్దు బిడ్డా, మాకు కూరయింది. ఇగో, మీకు గూడ తెచ్చిన. జర కొన్నాళ్ళు ఇంకో బుక్కు చదువకు."

గోడవతల మంచం మీంచి రాములన్న నవ్వు వినిపించింది. నెలన్నర తర్వాత, ఆ పూటే నేను గుండెనిండా గాలి పీల్చుకున్నాను...

ఇప్పుడు ఆ జాగాలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. గోడకూ గోడకూ మధ్య పిడికెడు మట్టి లేదు. వీధిలో రాలిన ఆకులన్నిటినీ మా కాలనీ సంఘం పెద్దలు ఊడ్పించి, రోజూ తగలబెట్టిస్తున్నారు. మట్టికి తిరిగి చేరాల్సిన తిండి అది... నా ఆవేశం మాత్రం ఏమీ తగ్గలేదు, కాకపోతే ఇప్పుడు అడిగి మరీ తవ్వుతున్నాను. ఆ ఆకులు పాతిపెట్టేందుకు వీధి చివరి పార్కులో గుంత తీయడానికి తోటమాలి ఒప్పుకున్నాడు.

మీరూ ఇలా ఏదో ఒకటి పీకే ఉంటారు. వచ్చి చెప్పండి. ఆదివారం పొద్దున్నే... పార, గోనెసంచి తెచ్చుకోండి. ఏడింటికల్లా సంఘం వాళ్ళు ఆకుల కుప్పకు అగ్గిపుల్ల గీస్తారు. మనం ఆరున్నరకే అక్కడుండాలి.