పత్తి తిన్న పడవ ఇంజిన్

మా వైపు ఇంజిన్ అంటే మిరపతోటకు మందు కొట్టే పంపుదే. పర్చూరులో నా షాపుకి వచ్చే రైతులు దాన్ని వీపున మోసుకొచ్చి, "మేస్త్రీ, దగ్గతంది, చూడు" అని బల్ల మీద పడేసి పోతారు. ముప్పై ఏళ్ళుగా ఆ దగ్గులే వింటున్నాను. సముద్రానికీ నాకూ చుట్టరికం లేదు. ఈత రాదు. మోకాలి లోతు కాలవ దాటాలన్నా పక్కవాడి భుజం పట్టుకునే రకాన్ని.

అలాంటి నా దగ్గరికి పోయినేడు పత్తి తీతల రోజుల్లో చీరాల వైపు నుంచి ఒకాయన ఆటోలో పడవ ఇంజిన్ వేసుకుని దిగాడు. చేపల వేట ఆయన పని. నా ఈడువాడే. ఇంజిన్ పాతకాలపు టూ-స్ట్రోక్, పది హార్స్ పవర్. వలలన్నీ వేసుకుంటే అది ఒడ్డు కెరటాలు దాటించలేకపోతోందట. అందుకని సొంత పడవను ఇసుక మీదికి లాగేసి, రెండేళ్ళుగా బావమరిది పడవలో కూలికి పోతున్నాడు.

"బావమరిది కింద కూలి ఎట్టా ఉంటదో నీకు తెలవదులే మేస్త్రీ. 'ఒరేయ్, ఆ తాడు లాగు' అంటాడు, అందరి ముందూ," అన్నాడు. "కొత్త ఇంజిన్ నా వల్ల కాదు. దీన్ని పదిహేను చెయ్యగలవా? కుదరకపోతే చెప్పు, పడవ అమ్మేస్తా."

చెయ్యొచ్చు. ఆ కంపెనీ పదికీ పదిహేనుకీ ఒకటే ఇంజిన్ దిమ్మ పోస్తుంది. పది దానికి కార్బొరేటర్ గొంతు సన్నంగా పెట్టి, లోపల గాలి రేకులు పూర్తిగా తెరుచుకోకుండా అడ్డం కడుతుంది. అంటే బలమంతా లోపలే ఉంటుంది, నొక్కిపెట్టి ఉంటుంది. ఎక్కడో మూలనపడ్డ పదిహేను ఇంజిన్ నుంచి కార్బొరేటర్, రేకులు సంపాదించి మార్చాను. నీళ్ళను వెనక్కి తోసే పంఖా కూడా పెద్దది వేశాను. వారం పట్టింది.

ఇక పరీక్ష. పడవ ఇంజిన్ నీళ్ళు పీల్చుకుని చల్లబడుతుంది కాబట్టి నీళ్ళలోనే తిప్పాలి. రైతులు మందు కలుపుకునే నీలం డ్రమ్ము షాపు ముందుంటే దాన్ని కడిగి, నీళ్ళు నింపి, అందులో దించాను. తాడు లాగితే రెండో లాగుకే అందుకుంది. వాడకట్టంతా దద్దరిల్లింది. పక్కనుంచి సన్నగా నీటి ధార చిమ్మింది. లోపలికి నీళ్ళు అందుతున్నాయనడానికి అదే గుర్తు.

మా షాపు పక్కనే పత్తి తూచే కాటా. ఆ రోజుల్లో టీ గ్లాసులో కూడా నూగు తేలుతుంది. ఆయన డ్రమ్ములోకి తొంగిచూసి, "ఏంది మేస్త్రీ, ఇందులో పత్తి తేల్తంది? ఏం కాదా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు పుట్టినప్పటి నుంచీ చేపలు పడతన్నావు, నేనేమన్నా వల వెయ్యటం నేర్పానా? నోరు మూసుకుని చూడు!" అన్నాను. పాపం, డ్రమ్ము దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు.

తీసుకుపోయేటప్పుడు నన్ను కూడా ఆటో ఎక్కమన్నాడు. వాళ్ళ ఒడ్డున ఒక కట్టుబాటు ఉందట. ఇంజిన్ విప్పినవాడే మొదటిసారి పడవెక్కాలి. చచ్చాంరా బాబూ అనుకున్నాను. కాదంటే నా పని మీద నాకే నమ్మకం లేనట్టు. పానాల సంచీ పట్టుకుని ఎక్కాను.

పొద్దున్నే పడవ దించారు. మొదటి కెరటం ఎక్కి దిగింది. రెండోదీ దాటింది. నేను చెక్కను కౌగిలించుకుని కూర్చున్నాను. ఆయన మాత్రం వెనక్కి తిరిగి నీటి ధారనే చూస్తున్నాడు. అది సన్నబడింది, బొట్లుబొట్లు అయింది, ఆగిపోయింది. మాడు వాసన వచ్చింది.

"పోనియ్యవయ్యా, ఏం కాదు!" అని అరిచాను. నా భయం నాది, ఒడ్డుకైనా అవతలికైనా తొందరగా చేరితే చాలు.

ఆయన వినలేదు. టక్కున ఇంజిన్ ఆపేసి, తెడ్డు అందుకుని పడవను ఒడ్డు వైపు తిప్పాడు. వెనకనుంచి వచ్చిన కెరటం ఇద్దరినీ ముంచి లేపింది. ఒడ్డుకి ఎలా చేరామో నన్నడగొద్దు.

ఇసుక మీద ఇంజిన్ పడుకోబెట్టి చల్లారనిచ్చి, కింది భాగం విప్పాను. ఆయన కాస్త ఎడంగా గొంతుక్కూర్చున్నాడు. "నీ తప్పేం లేదులే మేస్త్రీ. ముసలిదైపోయింది, దానికే ఓపిక లేదు. రేపు పడవ బేరం పెడతా," అన్నాడు.

అప్పుడే నీళ్ళ గొట్టంలోంచి నా వేళ్ళకి మెత్తగా ఏదో తగిలింది. లాగితే తడి పత్తి ఉండ. పిడికిలి మూసేశాను.

నిజం చెప్పొద్దూ, దాచేద్దామనిపించింది. ఆయనే నన్ను వదిలేశాడు. ఆ పిడికిలి జేబులో పెట్టుకుంటే మధ్యాహ్నానికి ఇంటి దగ్గర అన్నం తింటాను. నా పేరుకి మచ్చ ఉండదు. మా పంపులు గాలికి చల్లబడతాయి, ఇది నీళ్ళతోపాటు పత్తినీ పీలుస్తుందని నా బుర్రకి తట్టలేదు, ఎవరడగొచ్చారు? కానీ ఆయన పడవ వైపు చూస్తున్న చూపు నేను చూడలేకపోయాను. వెళ్ళి ఎదురుగా నిలబడి చెయ్యి చాపాను.

"ఇదిగో, మా పత్తే. నువ్వు ఆ రోజు అడిగావు, నేను కసిరాను. తప్పు నాదయ్యా."

ఆయన ఆ ఉండని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తిడతాడనుకున్నాను.

"అయితే నా ఇంజిన్ బానే ఉందా?" అన్నాడు.

"నిక్షేపంలా ఉంది."

"సముద్రంలో పత్తి తీసినోణ్ణి నిన్నే చూశా మేస్త్రీ," అని పకపకా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది, నవ్వూ వచ్చింది. గొట్టం శుభ్రంగా కడిగి బిగించాను. ఈసారి ఆయన పిలవకముందే వెళ్ళి పడవలో కూర్చున్నాను.

వలలన్నీ వేసుకునే బయల్దేరాం. ధార ఆగలేదు. ఒకటి, రెండు, మూడు కెరటాలు దాటాం, ఆఖరిది కూడా దాటి నున్నటి నీళ్ళలోకి వచ్చాం. అక్కడ ఆయన ఇంజిన్ ఆపేశాడు. నేను చెక్కను ఇంకా గట్టిగా వాటేసుకున్నాను.

"ఏమైందయ్యా? మళ్ళీ పత్తా?"

"ఏం కాలా," అన్నాడు, పడవ అంచు మీద చెయ్యి వేసి. "నా పడవలో నేను కూర్చుని రెండేళ్ళయింది మేస్త్రీ. కాసేపు కూర్చోనీ."

నేను చెక్క వదిలేసి, ఆయన పక్కన కూర్చున్నాను.