ట్యాంకరు దగ్గర షార్ట్‌హ్యాండు

ఆ రోజుల్లో మా సోమందేపల్లెలో నీళ్ల ట్యాంకరు వచ్చే రోజు, రాని రోజు అని రెండే వారాలుండేవి. మిగతా క్యాలెండరుతో మాకు పెద్దగా పని పడేది కాదు. డిగ్రీ అయిపోయి, కోర్టులో స్టెనో ఉద్యోగం తెచ్చుకోవాలని నేను తెలుగు షార్ట్‌హ్యాండు నేర్చుకుంటున్న కాలమది. ఒకసారి పరీక్ష తప్పాను. ఇంకోసారి తప్పితే పెన్సిలు పక్కన పెట్టి మగ్గం గుంటలో కాళ్లు పెట్టాల్సిందేనని అమ్మ తేల్చి చెప్పేసింది. (ఆమె పట్టుచీరలు నేసేది. మాట కూడా అంత గట్టిగానే నేసేది.)

హిందూపురంలో నాకు నేర్పిన గురువును అందరం స్పీడు సారు అనేవాళ్లం. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, పాత పేపర్లలోని ఉపన్యాసాలు చదివేవాడు. నా పెన్సిలు ఎప్పుడూ ఒక వాక్యం వెనకాలే ఉండేది. చూసి చూసి ఒకరోజు ఆయనకు విసుగొచ్చింది. "కోర్టులో సాక్షి ఇట్ల నిదానంగా మాట్లాడడమ్మా. జనం కొట్లాడే తావుకు పోయి రాసుకో. రాసేటప్పుడు నావాళ్లు, పరాయివాళ్లు అని చూడొద్దు" అన్నాడు.

కొట్లాట కోసం నేను దూరం పోవాల్సిన పని లేదు. ట్యాంకరు దగ్గర బిందెల వరుస పక్కన గట్టు మీద కూర్చుని గీతలు గీయడం మొదలుపెట్టాను. కొద్ది రోజులకే కొంప మునిగింది. నేను రాస్తున్నానని తెలియగానే అందరి నోళ్లూ మెత్తబడ్డాయి. నోరు తెరిస్తే తిట్లే వచ్చే అవ్వలు కూడా నువ్వు ముందు పట్టుకో తల్లీ అంటే నువ్వు పట్టుకో అనుకోసాగారు. ఊరు బాగుపడింది గానీ నా స్పీడు పడిపోయింది.

అలాంటిది ఒకనాడు ట్యాంకరు సగమే నీళ్లతో వచ్చింది. మా అమ్మకూ పక్కింటి చిన్నమ్మకూ మాటా మాటా పెరిగింది. ఇద్దరూ నన్ను మరిచేపోయారు. ఆ ధాటికి నా పెన్సిలు మొదటిసారి ఎక్కడా ఆగకుండా పరిగెత్తింది. (కన్నతల్లి కొట్లాడుతుంటే సంబరపడిన కూతురు జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.) ఇంతలో చిన్నమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు రాసినావు కదా పాపా. ఎవురు ముందు నోరు పారేసుకున్నారో సదువు" అంది.

అమ్మ నన్నే చూస్తోంది. ఆ గీతలు నాకు తప్ప ఆ ఊళ్లో ఎవరికీ రావు. అటుది ఇటు చదివితే అడిగే దిక్కు లేదు. అయినా సారు నేర్పినట్టే రాగం లేకుండా చదివాను. "మొదటి పక్షం: నీ బిందె యాడుండాదో నీకే తెలీదు, నువ్వు నాకు వరస చెప్పేదానివా. రెండో పక్షం: మర్యాదగా మాట్లాడక్కా."

మొదటి పక్షం మా అమ్మ. తర్వాతి తిట్లన్నీ పంచాంగం చదివినట్టు చదువుతుంటే ముందు చిన్నమ్మ, ఆపైన అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. తన బిందె పక్కకు జరిపి, చిన్నమ్మకు దారి వదిలింది.

ఆ రోజంతా ఇంట్లో మగ్గం చప్పుడు తప్ప మాట లేదు. నా చదువు ముగిసిందనుకుని దిగులు పడ్డాను. సాయంత్రం రాగిముద్ద వడ్డిస్తూ, నా మొహం చూడకుండా అంది అమ్మ: "కన్నతల్లినే ఇడిసిపెట్టలేదు. నువ్వు కోర్టుకు పనికొస్తావు. పోయి పరీక్ష రాసుకో."

రాశాను, పాసయ్యాను. ఇన్నేళ్లలో కోర్టులో ఎందరి మాటలో పడింది పడినట్టు రాసుకున్నాను. ఇప్పటికీ అమ్మ నా ఎదురుగా కూర్చుని ఫోనులో ఎవరి మీదైనా గొంతు పెంచితే నా కుడిచేతి వేళ్లు వాటంతటవే కదులుతాయి. ఆమె అది చూసి గొంతు తగ్గించేస్తుంది. నాకు నవ్వొస్తుంది గానీ, కన్నతల్లి ఎదురుగా ఒక్క గీత మార్చకుండా చదివిన ఆ గట్టు మీది పిల్లంటే నాకు ఈనాటికీ కొంచెం భయమే.